ఎనిమిది సార్లు ఎక్కితే ఒకటి ఉచితం: శంషాబాద్ నుంచి ఎగిరేవారికి ఏది గిట్టుబాటు?

ఉచిత టికెట్ అనగానే ముందు అడగాల్సింది ఒకటే: అందులో ఏది ఉచితం? విమాన టికెట్ ధరలో రెండు భాగాలుంటాయి. బేస్ ఫేర్, దానిమీద విమాన సంస్థే వేసుకునే సర్‌ఛార్జీలు ఒక భాగం. విమానాశ్రయానికి పోయే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, భద్రతా రుసుము, జీఎస్టీ రెండో భాగం. తరచూ ఎగిరేవారి కోసం విమాన సంస్థలు నడిపే పథకాలు దాదాపు అన్నీ మాఫీ చేసేది బేస్ ఫేర్‌నే. సర్‌ఛార్జీ మాఫీ అవుతుందా లేదా అన్నది సంస్థను బట్టి ఉంటుంది. పన్నులు, ఫీజులు మాత్రం చేతి నుంచే కట్టాలి. హైదరాబాద్–విజయవాడ లాంటి చిన్న రూటులో బేస్ ఫేరే తక్కువ కాబట్టి ‘ఉచిత’ టికెట్‌కి కూడా అసలు ధరలో మూడో వంతు కట్టాల్సి రావచ్చు.

పథకాలు చాలా పేర్లతో వస్తాయి గానీ, లోపలి లెక్కలు మూడే రకాలు. ఎన్నిసార్లు ఎక్కారో లెక్కపెట్టేది, ఎంత దూరం వెళ్లారో చూసేది, ఎంత ఖర్చు పెట్టారో చూసేది. మొదటి రకానికి బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలోని సౌత్‌వెస్ట్. ఒకవైపు ప్రయాణానికి ఒక క్రెడిట్ ఇచ్చేవారు. 16 క్రెడిట్లు, అంటే ఎనిమిది రాకపోకలు పూర్తయితే, ఒక రాకపోక టికెట్ ఉచితం. గంటలోపు ప్రయాణానికీ ఒకే క్రెడిట్, దేశం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లినా ఒకే క్రెడిట్. దాంతో చిన్న చిన్న చవక ప్రయాణాలతో క్రెడిట్లు కూడబెట్టి, ఉచిత టికెట్‌ని అతి దూరపు ప్రయాణానికి వాడుకునేవారు. 2011లో ఆ పద్ధతి తీసేసి, పెట్టిన డబ్బును బట్టి పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. దూరం లెక్క 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘ఆడ్వాంటేజ్’తో ఊపందుకుంది. డెల్టా, యునైటెడ్ 2015లో ఖర్చు లెక్కకి మారాయి. ఎయిర్ ఇండియా 2024లో మారింది. ఇండిగో పథకం బ్లూచిప్ 2024 చివర్లో వచ్చింది, అదీ ఖర్చు లెక్కే.

ఈ మార్పు ప్రయాణికుడి జేబుకి ఏం చేసిందో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు. మీ రూటుకి మీ అంకెలు పెట్టుకోండి. హైదరాబాద్–విశాఖ ఒకవైపు టికెట్ 4,500 రూపాయలు, అందులో 1,000 పన్నులు, ఫీజులు అనుకుందాం. ఎనిమిది టికెట్లకి తొమ్మిదోది ఉచితమైతే, 36,000 ఖర్చుపెట్టి 3,500 మిగుల్చుకున్నట్టు. దాదాపు పది శాతం. ఇప్పుడు అదే డబ్బుని ఖర్చు లెక్క పథకంలో పెడదాం. పాయింట్లు బేస్ ఫేర్ మీదే వస్తాయి కాబట్టి లెక్కలోకి వచ్చేది 28,000. వందకి ఆరు పాయింట్ల చొప్పున 1,680 పాయింట్లు. ఆ 3,500 బేస్ ఫేర్ టికెట్‌కి 7,000 పాయింట్లు అడిగితే పాయింట్ విలువ అర్ధ రూపాయి. అంటే మీ చేతికొచ్చింది 840 రూపాయలు. పెట్టిన 36,000 మీద రెండు శాతం పైచిలుకు. ఒక్క ఉచిత టికెట్ రావాలంటే 34 సార్లు ఎక్కాలి.

సంక్రాంతికి, దసరాకి, వేసవి సెలవులకి ఊరెళ్లొచ్చే కుటుంబంలో ఒక్కొక్కరికి ఏడాదికి ఆరు టికెట్లు. 34 చేరేసరికి ఐదారేళ్లు పడుతుంది. మధ్యలో గడువు దాటి పాయింట్లు మురిగిపోతాయి. ఇలాంటివారు దేశీయ ప్రయాణాలకి ఏ సంస్థకీ కట్టుబడొద్దు. సభ్యత్వం ఊరికే వస్తుంది కాబట్టి అన్నింట్లో తీసుకోండి, టికెట్ మాత్రం ఆ రోజు ఏది చవకైతే అదే కొనండి.

‘ఎనిమిదికి ఒకటి’ లాంటి ఆఫర్లు ఇప్పటికీ పరిమిత కాలానికి అక్కడక్కడ వస్తుంటాయి. అక్కడ చూడాల్సింది పోటీ సంస్థతో ధర తేడా. పై లెక్కలోనే ప్రతి టికెట్‌కీ 400 ఎక్కువిస్తే ఎనిమిదింటికి 3,200 పోతుంది, మిగిలేది 300. తేడా 500 అయితే 4,000 పోయి 3,500 వస్తుంది, ఎదురు నష్టం. దీనికి టైమింగ్ ఖర్చు కూడా కలపాలి. తెల్లవారుజామున ఐదింటి విమానానికి గచ్చిబౌలి నుంచి అవుటర్ మీదుగా క్యాబ్‌కి ఇచ్చే డబ్బు, ఎయిర్‌పోర్టుకి వెళ్లే పుష్పక్ బస్సు దొరికే వేళలో ఇచ్చే డబ్బు ఒకటి కాదు. ఆఫర్ షరతుల్లో మూడు వాక్యాలు వెతకండి: ఏ తేదీలలోపు ప్రయాణం పూర్తి కావాలి (టికెట్ కొంటే సరిపోదు, ఎక్కి దిగాలి), ఏ ఫేర్ రకాలు లెక్కలోకి రావు, ఉచిత టికెట్ చెల్లని తేదీలు ఏవి. మూడోదాంట్లో సంక్రాంతి వారం ఉంటే మనకి ఆ ఆఫర్ విలువ సగానికి సగం పడిపోయినట్టే.

అసలు లాభం అంతర్జాతీయ ప్రయాణాల్లో ఉంది. హైదరాబాద్‌లో అమెరికాకి, గల్ఫ్‌కి రాకపోకలు లేని వీధి తక్కువ. ఇక్కడ సంస్థని కాదు, కూటమిని ఎంచుకోవాలి. కూటమి అంటే ఒకరి విమానం ఎక్కి, మరొకరి ఖాతాలో మైళ్లు (పాయింట్లలాంటివే) వేయించుకోనిచ్చే సంస్థల జట్టు. ఎయిర్ ఇండియా 2014 జూలై నుంచి స్టార్ అలయన్స్‌లో ఉంది. లుఫ్తాన్సా, సింగపూర్, థాయ్ అందులోవే. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, మలేషియా, క్యాథే వన్‌వరల్డ్‌లో ఉన్నాయి. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ పేరులో ఎయిర్ ఇండియా ఉన్నా స్టార్ అలయన్స్ సభ్యురాలు కాదు. ఈసారి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, వచ్చేసారి సింగపూర్ మీదుగా వెళ్లినా, రెండింటి మైళ్లూ ఒకే ఖాతాలో వేయించుకోవచ్చు. ఒకసారి ఒక ఖాతాలో పడ్డాక మరో సంస్థ ఖాతాకి మార్చడం సాధారణంగా కుదరదు కాబట్టి, చెకిన్‌కి ముందే ఏ నంబరు ఇవ్వాలో తేల్చుకోండి.

సర్‌ఛార్జీ తేడా పెద్దది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన విమానాల్లో మైళ్ల టికెట్‌కి ఇంధన సర్‌ఛార్జీ తీసుకోదు. ఎమిరేట్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ మైళ్లతోపాటు సర్‌ఛార్జీ కూడా తీసుకుంటాయి. లండన్ నుంచి బయల్దేరే ప్రయాణానికి బ్రిటన్ ప్రభుత్వం వేసే ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ దీనికి అదనం. 24 గంటల్లోపు అక్కడ విమానం మారేవారికి అది పడదు. అందుకే లండన్‌కి వెళ్లేటప్పుడు మైళ్ల టికెట్, వచ్చేటప్పుడు డబ్బు టికెట్ వేసుకుంటే ఎలా ఉంటుందో కూడా లెక్కేసి చూడాలి. అమ్మానాన్నలు, పిల్లలు అందరూ ఒకే సంస్థలో వెళ్లే ఇళ్లకి ఎమిరేట్స్ ‘మై ఫ్యామిలీ’ పనికొస్తుంది. ఎనిమిది మంది వరకు మైళ్లు ఒకేచోట కలుపుకోవచ్చు. విడివిడిగా ఎవరి దగ్గరా టికెట్‌కి సరిపడా పోగవ్వని మైళ్లు, కలిస్తే ఒకరికైనా అక్కరకొస్తాయి.

మనవాళ్ల మైళ్లు ఎక్కువగా పోయేది పేరు దగ్గరే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఖాతా తెరిచేటప్పుడు అలవాటుగా ఇంటిపేరుకి ఒక్క అక్షరం పెట్టి, తర్వాత పేరు రాస్తారు. టికెట్ పాస్‌పోర్ట్ ప్రకారం వస్తుంది, ఖాతాతో కలవదు, సిస్టమ్ తిప్పికొడుతుంది. కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. అప్పుడు టికెట్ మీద పేరు ఒక్కో సంస్థలో ఒక్కోలా పడుతుంది. ఖాతాని పాస్‌పోర్ట్ చేతిలో పెట్టుకుని, అక్షరం అక్షరం చూస్తూ తెరవండి. ఇప్పటికే తప్పుగా ఉంటే ప్రయాణానికి ముందే పాస్‌పోర్ట్ కాపీ పంపి సరిచేయించుకోండి.

దిగాక రెండు వారాల్లో మైళ్లు పడకపోతే క్లెయిమ్ పెట్టాలి. దానికి బోర్డింగ్ పాస్, 13 అంకెల టికెట్ నంబరు కావాలి. బుకింగ్ మెయిల్‌లో కనిపించే ఆరక్షరాల పీఎన్‌ఆర్ వేరు, ఇది వేరు. మొదటి మూడంకెలు ఏ సంస్థ టికెట్టో చెబుతాయి: 098 ఎయిర్ ఇండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతార్, 618 సింగపూర్, 220 లుఫ్తాన్సా. ఫోన్‌లోని బోర్డింగ్ పాస్ ప్రయాణం అయ్యాక మాయమవుతుంది, ఎక్కేముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేస్తే చాలా సంస్థల్లో చెల్లుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా సున్నా వచ్చే సందర్భాలున్నాయి. ఉమ్రాకి, గల్ఫ్ ఉద్యోగాలకి ఏజెంట్లు ఇచ్చే గ్రూప్ ఫేర్లకి సాధారణంగా మైళ్లుండవు. టికెట్ మీద ఫేర్ క్లాస్ అని ఒక ఇంగ్లీష్ అక్షరం ఉంటుంది. అతి చవక అక్షరాలకి భాగస్వామ్య సంస్థ ఖాతాలో ఏమీ పడకపోవచ్చు. ఏజెంట్‌కి డబ్బు కట్టకముందే ఆ అక్షరం అడిగి, మీ పథకం వెబ్‌సైట్‌లోని పట్టికతో పోల్చుకోండి.

కూడబెట్టినవి ఎక్కువకాలం దాచొద్దు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. మైళ్లు వేరే పేరుతో మిగిలాయిగానీ జెట్ సీటు మాత్రం లేదు. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసింది. సంస్థ బతికున్నా టికెట్‌కి అడిగే పాయింట్లు పెంచడం మామూలే.

మైళ్ల సీట్లు ఒక్కో విమానంలో కొన్నే ఉంటాయి. చాలా సంస్థలు సుమారు 11 నెలల ముందు తెరుస్తాయి. ఆగస్టులో విద్యార్థులు, డిసెంబర్‌లో ఎన్‌ఆర్‌ఐలు కదిలే వారాలకి అప్పుడే చూడాలి. ప్రయాణం మానుకుంటే మైళ్లు వెనక్కి రావడానికి సంస్థ రుసుము తీసుకోవచ్చు. పన్నుల సంగతి వేరు. రద్దు చేసుకున్నా, విమానం ఎక్కకపోయినా, ప్రమోషన్ టికెట్ అయినా సరే, చట్టబద్ధ పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు తిరిగివ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన చెబుతోంది. అడగకపోతే ఆ డబ్బు చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది. ‘నాన్ రిఫండబుల్’ అన్న మాట చూసి వదిలేయకుండా, పన్నుల వాపసు అని రాసి, పీఎన్‌ఆర్‌తో అర్జీ పెట్టండి.