మూసీ వెంట, హైకూలు రాసే పిన్నితో

‘ప్రకృతి ఒడిలో ప్రశాంతమైన విడిది’ అని ప్రకటించుకునే చోట గది తీసుకునే ముందు, ఆ రాత్రి అక్కడ ఎవరి పుట్టినరోజు వేడుక ఉందో తప్పక విచారించుకోవాలి. అనంతగిరి కొండల దగ్గర గది అద్దె 4,800, పన్ను 240, మొత్తం 5,040 రూపాయలు చెల్లించి మేము సంపాదించిన అనుభవసారం ఇదే.

ఈ ప్రయాణం పిన్ని కోసం పెట్టుకున్నది. కోనసీమలో పుట్టి, అక్కడి బడుల్లోనే తెలుగు పంతులమ్మగా పనిచేసి, పదవీ విరమణ తరువాత కొడుకు దగ్గరికని హైదరాబాదు వచ్చిన పిన్ని, కాలువలూ కొబ్బరితోటలూ చూస్తున్నంత కాలం సీసపద్యాలే రాసింది. ఇక్కడి రాళ్ళను చూశాకే మాట తగ్గించుకోవడం అలవడిందని, అందుకే మూడు పాదాల జపాన్ కవిత హైకూలోకి వచ్చానని చెబుతుంది. ఆమెకు ఆరాధ్య కవయిత్రి చియో-ని. 1703లో జపాన్‌లోని కాగా ప్రాంతంలో మత్తో అనే ఊళ్ళో పుట్టి, యాభై దాటాక 1754లో సన్యసించి, 1775లో కన్నుమూసిన ఆ కవయిత్రికి అంతటి పేరు తెచ్చిన కవితలోని విషయం చాలా చిన్నది: తెల్లవారి నీళ్ళకు వెళితే బావి చేదకు పూలతీగ చుట్టుకుని ఉంది; దానిని తెంచలేక పక్కింటికి వెళ్ళి నీళ్ళడిగింది. నూతి దగ్గర దొరికినదాని కోసం జపాన్ దాకా పోనక్కరలేదని, మూసీని పుట్టినచోటి నుంచి ఊరి నడిబొడ్డు దాకా చూస్తే చాలని పిన్ని పట్టు. బాబాయి మాత్రం, 1689లో హైకూ కవి బషో ఉత్తర జపాన్ చాలావరకు కాలినడకనే తిరిగాడు కదా, మనకు 3,500 రూపాయల కారు దేనికని దారిపొడవునా సణుగుతూనే ఉన్నాడు.

నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాదు దాటాక వస్తాయి అనంతగిరి కొండలు. వానాకాలం చివర అడవి ఎంత పచ్చగా ఉంటుందో, వర్షం వెలిసిన రాత్రి కప్పలూ కీచురాళ్ళూ ఎంత సందడి చేస్తాయో తెలుసు గనుకనే, చెరువు పక్కన ఉన్న గదే కావాలని ఫోనులో రెండుసార్లు అడిగి మరీ తీసుకున్నాము. చెరువు ఉన్న మాట నిజమే. అయితే చెరువుకూ మా గదికీ మధ్య పచ్చికలో నాలుగు సౌండు బాక్సులు కూడా ఉన్నాయి. రాత్రి ఎనిమిదికి మొదలైన పాటలు పన్నెండు దాటినా ఆగలేదు. కిటికీ అద్దాలు అదురుతుంటే పిన్ని నోటుపుస్తకం మూసేసి పడుకుంది. బాబాయి మాత్రం రెండుసార్లు కిందికి వెళ్ళి వచ్చాడు. మొదటిసారి మేనేజరు, “జనం ఎంజాయ్ చేయడానికే కదా సార్ వస్తారు” అని నవ్వి పంపించాడు. రెండవసారి మా గదికి ఒక పళ్ళెంలో దూది పంపించాడు. మర్యాద తక్కువైందని అనడానికి వీలులేదు, దూది పళ్ళెం మీద శుభ్రమైన రుమాలు కూడా కప్పి ఉంది.

ఉదయం బిల్లులో ‘క్యాంప్‌ఫైర్’ పేరుతో 600 రూపాయలు కనిపించాయి. సాయంత్రమంతా వాన పడుతుంటే ఏ మంట వేశారని బాబాయి అడిగాడు. కట్టెలు సిద్ధం చేశామని జవాబు వచ్చింది. అరగంట వాదన తరువాత డబ్బు వెనక్కి ఇవ్వకుండా, మళ్ళీ వచ్చినప్పుడు వాడుకోమంటూ 600 రూపాయల కూపను ఇచ్చారు. బాబాయి దానిని అక్కడి బల్ల మీదే వదిలేసి కారెక్కాడు. ఆ రాత్రికి పిన్ని రాసుకున్నది ఇంతే:

పాట ఆగింది—
గొంతు సవరించుకుంటూ
చెరువులో కప్ప

అనంత పద్మనాభస్వామి ఆలయం దగ్గర మాత్రం ఏ లోపమూ లేదు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అంటే చూసినవారు వెంటనే నమ్మరు, అంత సన్నని తడి అది. ఆదివారం కాకుండా వెళ్ళడం మంచిది. తిరుగుదారిలో గండిపేట హాయిగా గడిచింది. గోలకొండలో 25 రూపాయల టికెట్టుకు తగినంత ఎండా దొరికింది. నగరంలోని ఖాజాగూడ రాళ్ళను ఉదయం ఏడు గంటల లోపే చూడాలి. ఆ తరువాత రాయి వేడెక్కుతుంది, ట్రాఫిక్కూ పెరుగుతుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి ఆ గ్రానైటు వెనుక ఇప్పుడు గాజు భవనాలు లేస్తున్నాయి. పిన్ని ఒక బండకు వీపు ఆనించి గంటసేపు కూర్చుని ఒక్క అక్షరమూ రాయలేదు. రాయి దగ్గర తొందరపడకూడదని అంది. బాబాయి కిందనే ఉండి మూడు టీలు తాగాడు.

అసలైన చోటు అఫ్జల్‌గంజ్‌లో దొరికింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు సుమారు 150 మంది ఒక చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆ వరద తరువాతే విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీకి అడ్డంగా జలాశయం కట్టాలని నిర్ణయించారు, 1920లో గండిపేట పూర్తయింది. అంత కథ ఉన్న చెట్టును చూడడానికి టికెట్టు లేదు, గైడూ లేడు. హారన్లు, అంబులెన్సులు, రోగుల బంధువుల మాటలు కలిసి అనంతగిరి డీజేకు ఏమాత్రం తీసిపోని చప్పుడు. అయినా పిన్ని అక్కడే చాప అడిగి తీసుకుని కూర్చుంది. ఇక్కడి చప్పుడు ఎవరి అవసరం వారిది, అందుకని చెవులు నొప్పెట్టవని ఆమె అభిప్రాయం. నాకు మాత్రం నొప్పెట్టాయి.

చాప ఇచ్చిన అవ్వ పాలమూరు వైపు నుంచి కొడుకు ఆపరేషనుకు వచ్చి, వార్డులోకి పిలుపు కోసం ఎదురుచూస్తోంది. మూట విప్పి జొన్నరొట్టెలూ పచ్చిమిరపకాయ తొక్కూ తీసి, “తినుండ్రి బిడ్డా, మస్తుగున్నయ్” అని మా ముగ్గురికీ పెట్టింది. అంతకుముందు రిసార్టులో మనిషికి 450 రూపాయల బఫేలో పనీరు ముక్కలను వెతుక్కుని తిన్న మేము ఆ ఎండు రొట్టెను చివరిదాకా తిన్నాము. అన్నం లేకపోతే భోజనం కాదనే బాబాయి రెండో రొట్టె తానే అడిగాడు. డబ్బిస్తే అవ్వ పుచ్చుకోలేదు, అందుకని ఆయన వెళ్ళి ఆమెకూ కొడుకుకూ 120 రూపాయలు పెట్టి అరటిపళ్ళు, కొబ్బరిబొండాలు తెచ్చి ఇచ్చాడు. ప్రయాణం మొత్తంలో ఆయన సణగకుండా పెట్టిన ఖర్చు అదొక్కటే. పిన్ని నోటుపుస్తకంలో ఆ మధ్యాహ్నం చేరినవాటిలో నాకు నచ్చినది:

రొట్టెపై రాలిన
చింతాకు తీయకుండానే
తింటున్న అవ్వ

ఇక మిగిలింది వాడపల్లి, మూసీ కృష్ణలో కలిసే చోటు. మహాత్మా గాంధీ బస్‌స్టేషను నుంచి మిర్యాలగూడ బస్సెక్కి వెళదామని పిన్ని అప్పుడే లెక్కలు వేస్తోంది. వస్తానని బాబాయి ఒప్పుకున్నాడు గానీ, ఈసారి బస చూసే బాధ్యత తనదేనని, ముందుగా ఒక్క రూపాయి కూడా పంపించేది లేదని, రాత్రి ఎనిమిదింటికి ఆ చోటికి తానే ఫోను చేసి వెనుక ఏం వినిపిస్తోందో విన్నాకే గది ఖాయం చేస్తానని షరతు పెట్టాడు.