అమలాపురం శివారు ఫుట్‌బాల్ అకాడమీ: మనవణ్ని పంపిస్తున్న ఒక డ్రిల్లు మాస్టారి రివ్యూ

మీ ఇంట్లో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలుంటే ఇక్కడ ధైర్యంగా చేర్చండి. పదమూడు దాటి, ఫుట్‌బాల్‌నే నమ్ముకుందామనుకునే పిల్లాడికి మాత్రం ఈ అకాడమీ ఒక్కటే సరిపోదు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కువైట్‌లో ఉంటాడు కాబట్టి మనవణ్ని గ్రౌండుకి తీసుకెళ్లే పని నాదే. వాడు ఆడినంతసేపూ కొబ్బరి చెట్ల నీడన కూర్చుని చూస్తుంటాను. అందుకే తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు: "మాస్టారూ, దానికి ఎన్ని స్టార్లున్నాయండి?"

ముందు ఆ స్టార్ల సంగతి చెబుతాను. మన దేశంలో అకాడమీలకు ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ స్టార్ రేటింగ్ ఇస్తుంది. గ్రౌండ్ ఎలా ఉంది, కోచ్‌లకు ఏ లైసెన్స్ ఉంది, ఏయే వయసులకు టీములున్నాయి, పిల్లల భద్రతకు ఏం ఏర్పాట్లు చేశారు, ఇవన్నీ చూస్తారు. ఒకసారి వస్తే కలకాలం ఉండిపోయేది కాదు, సీజన్‌ని బట్టి ఇస్తారు. ఫెడరేషన్ నడిపే యూత్ లీగుల్లో ఆడాలంటే అకాడమీకి ఆ గుర్తింపు అవసరం. పెద్ద పిల్లలకు స్టార్లు ముఖ్యమనేది అందుకే. వారం వారం గట్టి మ్యాచ్‌లు పడకపోతే ఆ వయసులో ఆట ముందుకు సాగదు. ఈ అకాడమీకి ఇంకా రేటింగ్ రాలేదు. అడిగితే లేదనే చెప్పారు. గేటు మీద ఫ్లెక్సీలో ఒక్క స్టార్ కూడా వేసుకోలేదు.

ఈ నిజాయితీకి నేను ఇంత విలువ ఇవ్వడానికి కారణముంది. అంతకుముందు మావాణ్ని ఒక పెద్ద ఊళ్లో వేరే అకాడమీలో చేర్చాం. గోడంత ఫ్లెక్సీ, దాని మీద ఐదు స్టార్లు. ఫెడరేషన్ జాబితాలో వెతికితే ఆ పేరే లేదు. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు. పాతికమందిని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేత ఒక్కో తన్ను తన్నించేవారు. గంటన్నరలో బంతి మావాడి కాలికి తగిలింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చివరికి "పిల్లాడు మరీ చిన్నగా ఉన్నాడండి, కాస్త ఒళ్లొచ్చాక తీసుకురండి" అని పంపేశారు.

మావాడు నవంబర్‌లో పుట్టాడు. మన దగ్గర వయసు విభాగాలకు లెక్క జనవరి 1 నుంచి. జనవరిలో పుట్టిన పిల్లాడూ, నవంబర్‌లో పుట్టిన పిల్లాడూ ఒకే విభాగంలో ఆడతారు. పదేళ్ల వయసులో పది నెలల తేడా అంటే చాలా ఎక్కువ. ముందు పుట్టినవాడు పొడుగ్గా, బలంగా కనిపిస్తాడు. సెలెక్షన్‌లో వాడికే టిక్కు పడుతుంది, దాంతో మంచి కోచింగూ వాడికే దక్కుతుంది. ఇంగ్లాండ్‌లో లెక్క సెప్టెంబర్ 1 నుంచి. అక్కడి అకాడమీల్లో సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ పిల్లలు ఎక్కువగా, వేసవిలో పుట్టినవాళ్లు తక్కువగా ఉంటారని ఎన్నో పరిశోధనల్లో తేలింది. నా సర్వీసులో జోనల్ మీట్లకు టీము ఎంపిక చేసేటప్పుడు ఇదే చూశాను. దీనికి తోడు వయసు తగ్గించి సర్టిఫికెట్లు తెచ్చేవాళ్లు. ఇప్పుడు మణికట్టు ఎముకలను ఎక్స్‌రే తీసి వయసు అంచనా కట్టే టీడబ్ల్యూ3 పరీక్ష ఉంది కాబట్టి కొంత నయం.

ఇక ఈ అకాడమీలో నాకు బాగా నచ్చిన విషయం. షెడ్డు గోడ మీద పెయింటుతో స్కేలు గీశారు, పక్కనే ఒక చెక్క స్టూలు ఉంటుంది. మూడు నెలలకోసారి ప్రతి పిల్లాణ్నీ బూట్లు విప్పించి నిలబెట్టి కొలుస్తారు, తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి మళ్లీ కొలుస్తారు. బరువూ చూస్తారు. అమ్మానాన్నల ఎత్తు కూడా అడిగి రాసుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు "కూర్చున్న ఎత్తు ఎందుకు బాబూ?" అని కోచ్‌ని అడిగాను. కాళ్లు ముందు సాగి, నడుము పైభాగం తర్వాత పెరుగుతుందట. రెండు కొలతలనూ పోల్చి చూస్తే పిల్లాడు ఒక్కసారిగా ఎదిగే దశకు ఎంత దూరంలో ఉన్నాడో తెలుస్తుందని నోట్‌బుక్ తెరిచి చూపించాడు. ఆ దశలో మడమ నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి మామూలు. అలాంటివాళ్లకు పరుగులు, గెంతులు తగ్గించి బంతితో చేసే పని పెంచుతాడు. మా రోజుల్లో నొప్పి అన్న పిల్లాణ్ని ఇంకో రౌండు పరిగెత్తమనేవారు.

ఈ కొలతలు ఇంకో పనికీ వస్తాయి. శనివారాలు పిల్లల్ని వయసు చూడకుండా ఎదుగుదలను బట్టి జట్లుగా వేసి ఆడిస్తారు. ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బుల అకాడమీలు కూడా ఇలాంటి మ్యాచ్‌లు పెట్టాయి, దాన్ని బయోబ్యాండింగ్ అంటారు. ఒళ్లున్న పిల్లాడు తనంత ఒళ్లున్నవాళ్ల మధ్య పడితే తోసుకుంటూ పోవడం కుదరదు, పాస్ ఇవ్వడం నేర్చుకుని తీరాలి. మావాడిలాంటి చిన్నవాడికి బంతి కాలి దగ్గర కాసేపు నిలుస్తుంది, ఏం చేయాలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ రోజు వాడి మొహం చూడాలి.

మిగతా రోజుల్లో గ్రౌండును కోన్లతో నాలుగు ముక్కలు చేసి ఐదుగురేసి ఆడతారు. పన్నెండేళ్ల లోపువాళ్లకు నాలుగో సైజు బంతే ఇస్తారు, పెద్దవాళ్ల ఐదో సైజు ఇవ్వరు. వరసలో నిలబెట్టడం అనేది అసలు లేదు. వారంలో ఒక పూట చేతకాని కాలితోనే ఆడాలి. అది చూడగానే నాకు రహీం సాబ్ గుర్తొచ్చారు. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్‌లో బడి పంతులు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. చేతకాని కాలితో మాత్రమే ఆడే పోటీలు ఆయన ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో పెట్టారు. కోచ్ కుర్రాడికి ఈ సంగతి చెబితే కూర్చుని ఎంతో శ్రద్ధగా విన్నాడు. అతనికి సి లైసెన్స్ ఉంది, సర్టిఫికెట్ అడగగానే చూపించాడు. ఎక్కడ చేర్చినా మీరూ అడగండి. మన ఫెడరేషన్ లైసెన్సుల్లో డి నుంచి మొదలై సి, బి, ఎ, ప్రో వరకు ఉంటాయి.

గ్రేడు ఉంటే చాలనుకునేవాళ్లకు ఇంగ్లాండ్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ 2012 నుంచి అకాడమీలను ఆడిట్ చేసి నాలుగు కేటగిరీలుగా విభజిస్తున్నారు. మొదటి కేటగిరీకి ఖర్చు, ఫుల్‌టైమ్ సిబ్బంది, కోచింగ్ గంటలు అన్నీ ఎక్కువ. నాలుగో కేటగిరీవాళ్లు పదహారు దాటిన పిల్లలనే చూస్తారు. జర్మనీ అయితే 2000 యూరో కప్‌లో గ్రూపు దశలోనే ఇంటికొచ్చాక, అకాడమీ లేని క్లబ్బుకు పై లీగుల్లో లైసెన్స్ ఇవ్వబోమంది. తర్వాత బెల్జియం సంస్థ ఒకదానితో ఆడిట్ చేయించి స్టార్లు ఇచ్చారు. 2014లో ప్రపంచకప్ గెలిచారు. పద్ధతిగా చేస్తే గ్రేడింగ్ ఒక దేశాన్నే లేపుతుంది, నాకు అందులో అనుమానం లేదు. అయినా తర్వాత ఇంగ్లాండ్ కెప్టెన్ అయిన హ్యారీ కేన్‌ని ఆర్సెనల్ అకాడమీ ఎనిమిదేళ్లప్పుడు వదిలేసింది. తర్వాత లెస్టర్ జట్టుతో ప్రీమియర్ లీగ్ గెలిచిన జేమీ వార్డీని షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు పదహారేళ్లప్పుడు పొట్టిగా ఉన్నాడని పంపేసింది. మంచి పేరున్న చోట కూడా ఒక్కో పిల్లాణ్ని ఓపిగ్గా చూసే కన్ను కావాలి. ఇక్కడ ఆ కన్ను ఉంది.

ఇప్పుడు లోపాలు. మొదటిది గ్రౌండ్. మనది ఒండ్రు నేల, చిన్న వానకే జిగురు కడుతుంది. పక్క డ్రెయిన్ పూడుకుపోయి ఉంది కాబట్టి అక్టోబర్, నవంబర్ తుపాన్ల రోజుల్లో గోలుపోస్టు దగ్గర మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తాయి. అప్పుడు క్లాసులు ఉండవు, ఫీజు మాత్రం నెలకు 1200 అలాగే తీసుకుంటారు. అది సరికాదు.

రెండోది మ్యాచ్‌లు. చుట్టుపక్కల ఆడేందుకు టీములు లేవు. కోనసీమలో పిల్లాడికి కాస్త ఆట వస్తే చేతికి షటిల్ బ్యాటే ఇస్తారు. సాత్విక్ సాయిరాజ్ మన అమలాపురం కుర్రాడే కదా, ఆ గర్వం నాకూ ఉంది. షటిల్‌కి ఒక హాలు చాలు, ఫుట్‌బాల్‌కి ఎకరంన్నర చదును నేల కావాలి. కొబ్బరి తోటల మధ్య అంత నేల దొరకడం కష్టమే. కానీ చిన్నపిల్లల మ్యాచ్‌లకు అంత అవసరం లేదు. ఫెడరేషన్ 2018లో మొదలుపెట్టిన బేబీ లీగ్ పద్ధతిలో రావులపాలెం, రాజోలు, ముమ్మిడివరం స్కూళ్లను కలిపి ఆదివారాలు చిన్న జట్ల లీగ్ పెట్టవచ్చు. నాలుగు జతల చిన్న గోలుపోస్టులు, సున్నం ఉంటే సరిపోతుంది. స్కూళ్లతో మాట్లాడే బాధ్యత నేను తీసుకుంటానని యాజమాన్యానికి చెప్పాను, ఇంకా జవాబు రాలేదు.

మూడోది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఆడపిల్లల బ్యాచ్ లేకపోవడం. అబ్బాయిలతో కలిసి ఇద్దరమ్మాయిలు వస్తున్నారు, చాలా బాగా ఆడతారు. బట్టలు మార్చుకోవడానికి గది లేదు, సరైన టాయిలెట్ లేదు. పెద్దవాళ్లయ్యే కొద్దీ ఇంట్లో మాన్పించేస్తారు. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పల్లెటూరి ఆడపిల్లల చేత ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ ఆడిస్తున్నారు, మన దగ్గర ఎందుకు కుదరదు? షెడ్డు వెనక ఖాళీ జాగా ఉంది, రెండు గదులు వేయవచ్చు. వచ్చే వేసవి క్యాంపుకి ముందే ఆ పని పూర్తిచేయండి. సిమెంటు, ఇటుకలకు నా వంతు నేను ఇస్తాను, మిగతా తల్లిదండ్రుల్నీ అడుగుతాను.