గోదావరి పుష్కరాలు: మేము మునిగిన రేవు, దిగిన బస

2027లో రానున్న గోదావరి పుష్కరాలకు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లదలచిన వారికి ఉపయోగపడుతుందని, 2015లో అమ్మతో కలిసి రాజమండ్రి వెళ్లివచ్చిన అనుభవాన్ని రాస్తున్నాను. ఆ ఏడాది జూలై 14న, పుష్కరాల తొలిరోజునే, పుష్కర్ ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. ఆ వార్త విని ప్రయాణం మానుకుందామనుకున్నాం గానీ, నాన్నకు గోదావరి ఒడ్డున పిండప్రదానం జరగాలన్న అమ్మ మాట కాదనలేక ఏడో రోజున బయలుదేరాం.

పుష్కర్ ఘాట్ గోదావరి స్టేషన్‌కు దగ్గర కాబట్టి రైలు దిగినవారు అటే నడుస్తారు. ఏ రేవులో మునిగినా పుష్కర స్నానమే అయినప్పుడు, పెద్దవాళ్లతో ఆ రద్దీలోకి వెళ్లవలసిన పని లేదు. కోటిలింగాల రేవు కిలోమీటరుకు పైగా పొడవు ఉండటం వల్ల జనం పలచబడి, అమ్మ రేవు మెట్ల దగ్గర కట్టిన గొలుసు పట్టుకుని, ఒక్కో మెట్టూ పాదంతో తడిమి చూసుకుంటూ దిగి, నింపాదిగా మూడు మునకలు వేయగలిగింది. అయితే అక్కడ నడక ఎక్కువ, నీడ తక్కువ. తెల్లవారకముందే చేరుకోవడం మేలు.

బస విషయంలో మాత్రం రాజమండ్రిలో మనసు నొచ్చుకుంది. ఫోనులో ఒక అద్దె చెప్పిన లాడ్జివారు, తీరా సామానుతో గుమ్మంలో నిలబడ్డాక దానికి మూడింతలు అడిగారు. అందుకే రోడ్డు కం రైలు వంతెన మీదుగా అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు వెళ్లి, ఒక కల్యాణ మంటపంలో చాపల మీద పడుకున్నాం. ఉన్నవి రెండే స్నానాల గదులైనా నీళ్లు ఆగలేదు, రాత్రి పప్పన్నం వేడివేడిగా కొసరి కొసరి వడ్డించారు. అంతకంటే మంచి ఆతిథ్యం ఆ యాత్రలో మాకు మరెక్కడా దొరకలేదు.

పిండప్రదానం మర్నాడు కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో చేయించాం. సంభావన ముందే మాట్లాడుకోవడం వల్ల పురోహితుడు తొందరపెట్టకుండా, ప్రతి మంత్రమూ నాచేత విడివిడిగా పలికించారు. దర్భ పవిత్రం వేలికి పెట్టుకుని, నువ్వులూ నీళ్లూ వదులుతూ ముత్తాత పేరు దగ్గర నేను తడబడితే, వెనుక కూర్చున్న అమ్మ మెల్లగా అందించింది. బయలుదేరే ముందే తండ్రి వైపు, తల్లి వైపు మూడేసి తరాల పేర్లూ గోత్రాలూ కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి.