నాలుగు మోటార్ల స్ప్లైసింగ్ మిషన్: తెర మీది అంకెతోనే నా పేచీ

వేగం, బ్యాటరీ, స్లీవ్ హీటర్ గురించి అమ్మేవాళ్లే కావలసినంత చెబుతారు కనుక వాటి జోలికి వెళ్లను. ఆప్టికల్ ఫైబర్ కొసలను కరిగించి అతికే ఈ మిషన్‌తో నాకున్న పేచీ అంతా జాయింట్ వేసిన వెంటనే తెర మీద కనిపించే లాస్ అంకెతోనే, అంటే ఆ అతుకు దగ్గర ఎంత కాంతి పోతుందో డెసిబెల్స్‌లో (డీబీ) చెప్పే అంకెతోనే.

ఆ అంకె కేవలం అంచనా. మిషన్ జాయింట్ గుండా కాంతిని పంపి కొలవదు. కెమెరాలు తీసిన బొమ్మలో రెండు ఫైబర్లు ఎంత చక్కగా కలిశాయో చూసి లెక్క కడుతుంది. ఆరు మోటార్ల మిషన్ కోర్‌లను (ఫైబర్ నడుమ కాంతి ప్రయాణించే సన్నని భాగాలను) వెతికి పట్టి ఎదురెదురుగా నిలబెడుతుంది. నా దగ్గరున్నది మాత్రం ఫైబర్లను వీ ఆకారపు గాడిలో కూర్చోబెట్టి, 125 మైక్రాన్ల క్లాడింగ్ (కోర్ చుట్టూ ఉండే గాజు పొర) అంచులనే నమ్ముకుంటుంది. కోర్ నట్టనడుమ లేని ఫైబర్ తగిలినా దానికి తెలియదు.

గత వేసవిలో రోడ్డు పనుల్లో జేసీబీ తెంపిన పాత కేబుల్‌కు కొత్త ముక్క అతకవలసి వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది. తెర మీద అన్ని జాయింట్లకూ 0.01, 0.02 డీబీ అనే వచ్చింది. ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లోకి కాంతి పంపి, వెనక్కి వచ్చేదాన్ని బట్టి ఎక్కడ ఎంత నష్టమో చూపే పరికరంతో) రెండు వైపుల నుంచీ చూసి సగటు తీస్తే ఒక జాయింట్ దగ్గర దాదాపు 0.3 డీబీ పోతోంది. (పాత, కొత్త ఫైబర్లు కలిసిన చోట ఒక వైపు నుంచే చూస్తే నష్టానికి బదులు లాభం కూడా కనిపించవచ్చు కనుక సగటు తప్పదు.) జాయింట్లను అమర్చే ట్రేలో ఫైబర్ వంగిందేమోనన్న అనుమానమూ నిలవలేదు, ఎందుకంటే వంపు వల్ల అయితే 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద నష్టం పెరగాలి, ఇక్కడ 1310 వద్దే ఎక్కువగా ఉంది. క్లీవ్ (ఫైబర్ కొస కోత) శుభ్రంగానే ఉంది. తెంచి మళ్లీ వేసిన ప్రతిసారీ ఓటీడీఆర్ ఒక్కో లెక్క చెప్పింది. చివరికి మా సీనియర్ పాత ఫైబర్‌ను గాడిలో పావు చుట్టు తిప్పి పెట్టమన్నారు. నష్టం 0.06కు దిగింది, తెర మాత్రం అప్పుడూ 0.01 దగ్గరే ఉంది.

ఈ కేబుళ్లలో వాడే సింగిల్ మోడ్ ఫైబర్‌లో 1310 వద్ద కాంతి పరుచుకునే వ్యాసం సుమారు 9 మైక్రాన్లు. కోర్‌లు అర మైక్రాన్ పక్కకు జరిగితే పోయేది 0.05 డీబీ, ఒక మైక్రాన్ జరిగితే 0.2. ఇలాంటి ఫైబర్‌కు ఇప్పుడున్న జి.652 ప్రమాణమే కోర్ నడిమి నుంచి 0.6 మైక్రాన్ వరకు తప్పవచ్చని ఒప్పుకుంటుంది. అలాంటివి రెండు ఎదురు దిక్కులకు ఒరిగి కలిస్తే తేడా 1.2 మైక్రాన్లై నష్టం 0.3 దాకా వెళ్లగలదు, ఒకే దిక్కుకు ఒరిగితే దాదాపు ఏమీ ఉండదు. పాత కేబుళ్లకు ఈ పరిమితి ఇంకా సడలింపుగా ఉండేది.

ఆరు మోటార్లదానికి ఇది తీసిపోదని తోటివారికి చెబుతూ వచ్చాను. ఒకే రకం కొత్త కేబుళ్లను కలిపేంతవరకు ఆ మాట ఇప్పటికీ అంటాను. నా పని చాలావరకు ఇళ్ల కనెక్షన్లే. వాటికి వాడే జీపాన్ అనే ఫైబర్ నెట్‌వర్క్‌లో బీ ప్లస్ రకానికి మొత్తం 28 డీబీ నష్టం వరకు వీలుంటుంది, అందులో కాంతిని 32 దారులకు పంచే స్ప్లిట్టరే 17 దాకా తినేస్తుంది, అక్కడ పదో వంతు డీబీ కోసం ఎవరూ తగువు పడరు. ఊళ్ల మధ్య పాత లైను తెగినప్పుడు మాత్రం ఆరు మోటార్ల మిషన్ అద్దెకు తెస్తున్నాను, ఓటీడీఆర్ చూడనిదే జాయింట్లను కాపాడే క్లోజర్ పెట్టె మూత బిగించడం లేదు.