సైన్స్ పిల్లల ట్రాన్స్‌ఫర్‌కు ఏది మేలు: ఏడీటీనా, ట్యాగ్‌నా, గ్యారంటీ లేని దరఖాస్తా?

మా పెద్దమ్మాయి కాలిఫోర్నియాలో హైస్కూల్ ముగించి కమ్యూనిటీ కాలేజీలో చేరినప్పుడు బంధువుల నుంచి చాలా ఫోన్లు వచ్చాయి. పలకరింపుల్లా కాదు, పరామర్శల్లా. పిల్ల మార్కులు బాగానే ఉన్నాయి. నాలుగేళ్ల యూనివర్సిటీ ఫీజు, అక్కడ ఉండే ఖర్చు ఆ ఏడాది మా వల్ల కాలేదు, అంతే. తరువాత తను యూసీ డేవిస్‌లో, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్ల డేవిస్ క్యాంపస్‌లో, బయోకెమిస్ట్రీకి ట్రాన్స్‌ఫర్ అయింది. కాకపోతే రెండేళ్లలో వెళ్లాల్సింది మూడేళ్లకు వెళ్లింది. ఆ ఒక్క ఏడాది ఎలా పోయిందో తెలిస్తే ఇంకో ఇంట్లో పోకుండా ఉంటుందని ఇది రాస్తున్నాను.

మన ఊళ్లలో పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా. ఇదీ దాదాపు అలాంటిదే. మొదటి రెండేళ్ల కోర్సులు కమ్యూనిటీ కాలేజీలో చేసి, యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదిలో చేరతారు. ఇక్కడ ర్యాంకు ఇచ్చే పరీక్ష ఉండదు. ఏ కోర్సులు చేశారు, ఏ గ్రేడ్లు వచ్చాయి అన్నదే లెక్క. రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. కోర్సుల బరువును యూనిట్లలో లెక్కేస్తారు. స్థానికులకు యూనిట్‌కు 46 డాలర్లు, అంటే 15 యూనిట్ల సెమిస్టర్‌కు 690 డాలర్లు. యూసీలో ఫీజే ఏడాదికి సుమారు 15 వేల డాలర్లు. మానవ జన్యుపటం కోసం జరిగిన పోటీలో పేరు మోగిన క్రెయిగ్ వెంటర్ కాలేజ్ ఆఫ్ శాన్ మాటియోలో మొదలుపెట్టి యూసీ శాన్ డియాగోకు వెళ్లారు. 1984లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న బ్రూస్ మెరిఫీల్డ్ పసడీనా జూనియర్ కాలేజీ నుంచి యూసీఎల్ఏకు మారారు. అందుకని పరామర్శలు అక్కర్లేదు.

జాగ్రత్త మాత్రం చాలా కావాలి. దేశం మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లలో నూటికి 80 మంది దాకా బ్యాచిలర్స్ డిగ్రీ చేయాలనే ఆశతోనే వస్తారు. ఆరేళ్లలో ఆ డిగ్రీ చేతికందేది నూటికి 16 మందికే. మిగతావాళ్లు తెలివి లేక ఆగిపోయారని నేను నమ్మను. ఏ కోర్సు ఎప్పుడు తీసుకోవాలో వేళకు చెప్పేవాళ్లు లేక ఆగిపోయినవాళ్లను నా కళ్లతో చూశాను.

కాలిఫోర్నియాలో సైన్స్ విద్యార్థి ముందు మూడు దారులు ఉంటాయి. మొదటిది ఏడీటీ, అంటే అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్. 2010లో వచ్చిన చట్టంతో మొదలైంది. సాధారణంగా 60 యూనిట్లతో ఈ డిగ్రీ పూర్తి చేస్తే సీఎస్‌యూ, అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో సీటు ఖాయం. అక్కడ మరో 60 యూనిట్లతో డిగ్రీ పూర్తవుతుంది. సీఎస్‌యూ ఫీజు యూసీతో పోలిస్తే దాదాపు సగం. ఇంటి దగ్గరే ఉండి, పార్ట్‌టైమ్ పని చేస్తూ బయాలజీ చదివి టీచర్‌గానో ల్యాబ్ ఉద్యోగంలోనో స్థిరపడాలనుకునే పిల్లలకు ఇది చక్కని దారి. కానీ ఆ హామీలో ఒక మెలిక ఉంది. సీటు ఖాయమైంది సీఎస్‌యూ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట. మీకు కావలసిన క్యాంపస్‌లోనే అని కాదు. ఇంటి పక్కన క్యాంపస్ ఉందన్న ధీమాతో ఉండి, చివరికి మూడు గంటల ప్రయాణం దూరంలో సీటు వచ్చిన పిల్లలున్నారు.

రెండోది ట్యాగ్, అంటే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు యూసీ క్యాంపస్‌లు దీన్ని ఇస్తాయి. ఒక విద్యార్థి ఒక్క క్యాంపస్‌కే ట్యాగ్ పెట్టుకోవాలి. ఫారం సెప్టెంబర్‌లోనే పంపాలి. తరువాత అందరిలాగే మామూలు దరఖాస్తు కూడా వేయాలి. ఇక్కడ క్యాంపస్, మేజర్ (ప్రధానంగా చదివే సబ్జెక్టు) రెండూ ముందే తెలుస్తాయి. అదే దీని బలం. అన్ని మేజర్లకూ ఈ గ్యారంటీ దొరకదు. శాంటా బార్బరాలో ఇంజనీరింగ్‌కు లేదు. కావలసిన జీపీఏ క్యాంపస్‌ను బట్టి, మేజర్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఏటా కొత్త పట్టిక చూసుకోవాల్సిందే.

మూడోది గ్యారంటీ లేని దారి. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో. ఇక్కడ పోటీ గట్టిగానే ఉంటుంది, అయినా తలుపు మూసి లేదు. యూసీకి ట్రాన్స్‌ఫర్‌గా వచ్చేవాళ్లలో అత్యధికులు ఈ కమ్యూనిటీ కాలేజీల పిల్లలే. దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇది ట్యాగ్‌కు పోటీ కాదు. ట్యాగ్ పెట్టుకున్న పిల్లలు అదే దరఖాస్తులో వీటికీ వేసుకోవచ్చు.

అసలు చిక్కంతా సైన్స్ కోర్సుల వరసలో ఉంది. చరిత్ర చదివే పిల్లవాడు కోర్సులు అటూ ఇటూ మార్చుకున్నా నష్టం లేదు. కెమిస్ట్రీలో అలా కుదరదు. జనరల్ కెమిస్ట్రీ ఒకటి అయితేనే రెండు, అది అయితేనే ఆర్గానిక్ ఒకటి, ఆ తరువాతే ఆర్గానిక్ రెండు. నాలుగు సెమిస్టర్ల గొలుసు. ఫిజిక్స్‌కు ముందు కాల్క్యులస్ కావాలి. చిన్న కాలేజీల్లో ఆర్గానిక్ ఒకటి ఏడాదికి ఒక్కసారే పెడతారు. మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ మొదలుపెట్టకపోతే పోయేది ఒక సెమిస్టర్ కాదు, ఒక సంవత్సరం.

మాకు జరిగింది అదే. పేరు చెప్పను గానీ, మా అమ్మాయి చేరిన కాలేజీలో కౌన్సెలర్ పావుగంట మాట్లాడి, "ముందు జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు పూర్తి చేసుకో, సైన్స్ తరువాత చూద్దాం" అన్నారు. మేమూ తల ఊపాం. మొదటి ఏడాది ఇంగ్లిష్, చరిత్ర, సైకాలజీ, కమ్యూనికేషన్. అన్నిట్లో ఏ గ్రేడ్లే. సంతోషంగా రెండో ఏడాది కెమిస్ట్రీకి వెళ్తే, డేవిస్ అడిగిన కోర్సులు చేయడానికి ఇంకా నాలుగు సెమిస్టర్లు పడుతుందని తేలింది. ఆ రోజు తను కారులో కూర్చుని ఏడ్చింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

తరువాత అర్థమైంది. సైన్స్‌లో యూసీ ముందు చూసేది మేజర్‌కు కావలసిన కోర్సులు అయ్యాయా లేదా అన్నది. కాల్-జెట్‌సీ అనే జనరల్ ఎడ్యుకేషన్ పట్టీ 34 యూనిట్లు. దాన్నీ, సైన్స్, మ్యాథ్స్ గొలుసులనీ కలిపితే 60 యూనిట్లలో ఇమడడం చాలా కష్టం. ఏడీటీ సైన్స్ పిల్లలకు ఇరుకుగా అనిపించేది ఇందుకే. డిగ్రీ కాగితం కోసం జనరల్ కోర్సులు నింపుకుంటే ఆర్గానిక్ మిగిలిపోతుంది. ఆర్గానిక్ పూర్తి చేస్తే కాగితం మిగిలిపోతుంది. రెండిట్లో ఒకటే కుదిరితే, యూసీకి వెళ్లాలనుకునే పిల్లలు కాగితాన్నే వదులుకోవాలి. యూనిట్లు ఎక్కువైతే యూసీ తీసుకోదని కొందరు భయపెడతారు. కమ్యూనిటీ కాలేజీ నుంచి 70 సెమిస్టర్ యూనిట్ల వరకే లెక్కలో వేసుకుంటారు, అంతకు మించినవి ఆ సబ్జెక్టు పూర్తి చేసినట్టు గుర్తిస్తారు. వాటివల్ల సీటు పోదు.

ఇంకొక గోతి క్వార్టర్, సెమిస్టర్ తేడా. డి ఆంజా, ఫుట్‌హిల్ కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి, అంటే చదువుల ఏడాదిని రెండు సెమిస్టర్లకు బదులు మూడు భాగాలు చేస్తారు. డి ఆంజాలో ఆర్గానిక్ 12ఏ, 12బీ, 12సీ అని మూడు ముక్కలుగా ఉంటుంది. రెండు ముక్కలు అక్కడ చేసి, మూడోది సెమిస్టర్ కాలేజీలో చేద్దామనుకుంటే లెక్క కలవక ఇబ్బంది పడతారు. ఒక గొలుసు మొదలుపెట్టిన కాలేజీలోనే దాన్ని ముగించాలి. ఏ కాలేజీలో ఏ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకు సమానమో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. చేరిన మొదటి వారంలోనే మీ పిల్లలతో కూర్చుని, మూడు నాలుగు క్యాంపస్‌ల పేజీలు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టండి. అన్నిట్లోనూ ఉన్న కోర్సులను ముందు పట్టుకోవాలి. ఇది చేయడానికి మాకు ఏడాదిన్నర పట్టింది.

హెచ్-4 మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు దీన్ని ఇంకా శ్రద్ధగా చూడాలి. 21 ఏళ్లు నిండితే ఆ డిపెండెంట్ వీసా ఆగిపోతుంది. అలాంటి ఇంట్లో ఒక ఏడాది ఆలస్యం అంటే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

డబ్బు పెట్టి ప్రైవేట్ కౌన్సెలర్‌ను పెట్టుకోవడం మేలా, కాలేజీలోనే సాయం వెతుక్కోవడం మేలా అని కూడా అడుగుతుంటారు. నేను కాలేజీ వైపే. మీసా అనే కార్యక్రమం 1970లో ఓక్‌లాండ్‌లో ఒక హైస్కూల్‌లో మొదలై, ఇప్పుడు రాష్ట్రంలో ఎన్నో కమ్యూనిటీ కాలేజీల్లో ఉంది. ఆదాయం తక్కువున్న, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న సైన్స్, ఇంజనీరింగ్ పిల్లల కోసం. చదువుకోవడానికి ఒక గది, ట్యూటర్లు, ట్రాన్స్‌ఫర్ గురించి నిజంగా తెలిసిన కౌన్సెలర్, అన్నిటికన్నా ముఖ్యంగా అదే గొలుసులో ఉన్న తోటి పిల్లలు దొరుకుతారు. పెట్రోల్ బంకుల్లో, హోటళ్లలో పనిచేసే మన కుటుంబాలు దీని గురించి తప్పక అడగాలి. అర్హత లేకపోతే గుంపును మీరే కట్టుకోవచ్చు. 1970ల్లో బర్క్‌లీలో యూరీ ట్రైస్‌మన్ కాల్క్యులస్ విద్యార్థులను గమనించినప్పుడు, కష్టపడుతూనే వెనకబడినవాళ్లు ఒంటరిగా చదువుతున్నారనీ, ముందున్నవాళ్లు కలిసి చదువుతున్నారనీ తేలింది. మా భోజనాల బల్ల చుట్టూ ఆదివారం నలుగురు పిల్లలు ఆర్గానిక్ చదివారు. నా వంతు ఉప్మా, టీ. ఆ నలుగురిలో ముగ్గురు ట్రాన్స్‌ఫర్ అయ్యారు. నాలుగో అబ్బాయి ఇంట్లో పరిస్థితి వల్ల ఉద్యోగంలో చేరాడు. వాడికి ఇంకా దారి మూసుకుపోలేదని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతుంటాను.

కాబట్టి నా తీర్పు ఇది. కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ లాంటి వరస కోర్సుల మేజర్లకు ట్యాగ్ మేలు, దాంతోపాటే బర్క్‌లీ లాంటిచోటికి మామూలు దరఖాస్తు. ఇల్లు వదల్లేని పిల్లలకు, ఫీజు బరువయ్యే కుటుంబాలకు ఏడీటీ మేలు. అయితే దగ్గరి సీఎస్‌యూ క్యాంపస్‌లో ఆ మేజర్‌కు ఎంత పోటీ ఉందో ముందే కనుక్కున్నాకే. పరిశోధన వైపు వెళ్లాలనుకునే పిల్లలు యూనివర్సిటీలు కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల కోసం వేసవిలో నడిపే పరిశోధన కార్యక్రమాలకూ రాసుకోవాలి. సీటు వచ్చేలోపే ల్యాబ్ అంటే ఏమిటో తెలుస్తుంది.

మా చిన్నవాడు ఇప్పుడు అదే దారిలో ఉన్నాడు. ఫిజిక్స్. మొదటి సెమిస్టర్‌లోనే కాల్క్యులస్, కెమిస్ట్రీ పెట్టించాం. చరిత్ర, సైకాలజీ వేసవికి ఉంచాం. వచ్చే సెప్టెంబర్‌లో డేవిస్‌కు ట్యాగ్ ఫారం పంపాలి. ఏ కోర్సు ఎప్పుడో రాసిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. అది వాళ్ల అక్క రాసి ఇచ్చింది.