పటమా, పుల్లల ఆటా?

కావలి దగ్గర మా బడిలో చిన్నపిల్లల ఎముకలు ఎలా విరుగుతాయో రెండు రకాలుగా చెప్పి చూశాను. పటంతో చెబితే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పెద్దవాళ్లకు 206 ఎముకలని రాసుకుంటారు, అంతే.

ఆటలో ఒక జట్టుకు ఎండు వేపపుల్ల, ఇంకో జట్టుకు పచ్చిది ఇచ్చాను. ఎండుది టప్పున రెండు ముక్కలైంది. పచ్చిది వంగి, ఒకవైపే చీలింది. అవతలివైపు బెరడు పట్టుకునే ఉంది. పిల్లల ఎముకా చాలాసార్లు అంతే, పైపొర మందం కదా! తర్వాత పందెం: స్నేహితుడి ముంజేతికి అట్ట పెట్టి కట్టి, తువ్వాలుతో మెడకు వేలాడదీయాలి. చెయ్యి లాగి సరిచేయబోతే అవుట్.

గోల ఎక్కువే, పీరియడ్ చాలదు. అయినా నా ఓటు ఆటకే. సైకిల్ మీంచి పడే వయసు వాళ్లది. ఎముక చివర పెరిగే మెత్తటి భాగం చూపించడానికి మాత్రం పటం తీయాల్సిందే, పుల్లలో అది కనపడదు.