ఫారిన్ నెంబరుకి ప్లస్ కొట్టాలా, 00 కొట్టాలా? ఏది మేలు?

మన పలాస, కవిటి, సోంపేట వైపు చాలా ఇళ్లల్లో ఎవరో ఒకరు గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో వెల్డింగ్, ఫిట్టింగ్ పనుల మీద ఉంటారు. ఇప్పుడంతా వాట్సాపే కదా, ఇంక డయల్ చెయ్యడం ఏటి అనుకోవచ్చు గానీ దుబాయ్‌లో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, మామూలుగా కాల్ మాత్రం కలవదు, పైగా సైట్లో నెట్ లేనోడికి ఫోన్ కాలే గతి.

నా ఓటు ప్లస్‌కే. 00 తప్పేం కాదు, ఇండియా నుంచి బయటికెళ్లే కోడ్ అదే, దుబాయ్ కోడ్ 971 కి ముందు 00 పెట్టి 00971 కొట్టినా, ప్లస్ పెట్టి +971 కొట్టినా కాల్ ఒకచోటికే వెళ్తాది, చార్జీ కూడా ఒకటే. కానీ 00 అన్ని దేశాల్లో పని చెయ్యదు. అమెరికా నుంచి మనకి చెయ్యాలంటే 011 91, ఆస్ట్రేలియాలో 0011, జపాన్‌లో 010, సింగపూర్‌లో 001. ఇందులో ఇంకో తిరకాసు, మన దగ్గర్నుంచి 001 కొడితే అది అమెరికాకి పోతాది, 00 తర్వాత 1 వాళ్ల దేశం కోడ్ మరి. ప్లస్ పెడితే ఈ తలనొప్పి లేదు, ఏ దేశంలో ఉంటే అక్కడి కోడ్ నెట్‌వర్కే చూసుకుంటాది. అందుకే కుర్రోడు విమానం ఎక్కకముందే ఇంటి నెంబర్లన్నీ +91 తో సేవ్ చేసీమనండి. ఊళ్లో ఉండి ఆ నెంబరుకి చేస్తే ఐఎస్డీ, అంటే ఫారిన్ కాల్ చార్జీ, పడిపోద్దని కొందరి భయం, అదేం పడదు, ఇక్కడి కాల్ కిందే లెక్క.

కీప్యాడ్ ఫోన్లో ప్లస్ ఎక్కడుందంటే సున్నా నొక్కి పట్టుకుంటే వస్తాది, కొన్నిట్లో స్టార్ రెండుసార్లు గబగబా కొట్టాలి. ల్యాండ్‌లైన్ అయితే ఎలాగూ 00 యే.

జనం ఎక్కువగా తప్పేది మధ్యలో సున్నా దగ్గర. దుబాయ్‌లో ఉన్న బావ తన నెంబరు 050 అని మొదలెట్టి చెప్తాడు, అక్కడోళ్లు అలగే కొట్టుకుంటారు. అత్త దాన్ని క్యాలెండర్ వెనకాల రాసుకుని ముందు కోడ్ చేర్చి 00971050 అని కొడతాది, ఎంతసేపు కొట్టినా కలవదు. ఆ సున్నా తీసీయాలి, 971 అవగానే 50. సౌదీ 05 నెంబర్లకీ ఇదే, 966 తర్వాత 5 నుంచే. కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, సింగపూర్ నెంబర్లకి ఈ సున్నా గొడవే లేదు, మొత్తం 8 అంకెలే. మనకి పదంకెలు అలవాటు కదా, "రెండు అంకెలు రాయడం మర్చిపోయాడేటో" అని ఫోనే చెయ్యకుండా కూర్చునేవాళ్లున్నారు! ఆ ఎనిమిదే కరెక్టు, ముందు కోడ్ పెట్టీసి కొట్టీండి.

వాట్సాప్‌కి కూడా ప్లస్ రూపమే కావాలి, 050 అని సేవ్ చేస్తే ఆ మనిషి లిస్టులో కనపడకపోవచ్చు.

అక్కడి నుంచి శ్రీకాకుళం ల్యాండ్‌లైన్‌కి చేసినా అంతే, 08942 లో ముందు సున్నా వదిలేసి +91 8942, విజయనగరానికి +91 8922. ఇక ఇక్కడి నుంచి చేసేవాళ్లు రీచార్జ్ చూసుకోండి, అన్‌లిమిటెడ్ అంటే దేశం లోపలి కాల్స్‌కే, బయటికి చెయ్యాలంటే ఐఎస్డీ ప్యాకో బ్యాలెన్సో విడిగా వేయించుకోవాలి.